వ్యర్థముగా పోవు నీరు

(ధ్యానమునకు: యోబు 38:25-27, 2 రాజులు 3:9-25, మార్కు 14:3-9)



గడచిన కోత పండుగనాడు మా సంఘపు పెద్దలలో ఒకరు లేచి ప్రార్థన చేసిరి. "ప్రభువా, మా కళ్ల ముందే నీళ్లు సముద్రంలోకి వ్యర్థంగా పోతున్నాయి. వాటిని ఆపి మా చేలకు మళ్లించే మార్గం చూపించు తండ్రీ" అని కన్నీళ్లతో వేడుకొనిరి. ఆ యేడు ఆయన మిరప తోట నిలువున ఎండిపోయినది. ఆ ప్రార్థనలో కపటము లేదు. సంఘమంతయు ఆమేన్ అనెను. నేనును గట్టిగానే ఆమేన్ అంటిని. ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చుండిన తరువాత "వ్యర్థంగా" అను ఆ ఒక్క మాట చేపముల్లువలె గొంతులో అడ్డుపడెను.

ఎందుకనగా, మరుసటి ఆదివారపు ప్రసంగమునకు నేను చదువుచుండినది యోబు గ్రంథము 38వ అధ్యాయము. అక్కడ దేవుడు యోబును ఒక వింతయైన ప్రశ్న అడుగుచున్నాడు. మనుష్యుడు కాపురములేని చోట, నరసంచారములేని అడవిలో వాన కురియునట్లు వరదకు కాలువ తీసినవాడెవడు? పాడైన ఆ నేల తృప్తిపొంది లేత గడ్డి మొలిపించునట్లు చేసినవాడెవడు? యోబు బూడిదలో కూర్చుండి తన పుండ్లను గూర్చియు, పోయిన తన బిడ్డలను గూర్చియు జవాబు కోరుచుండగా, దేవుడు ఆయనతో ఎవరికిని అక్కరలేని వానను గూర్చి మాటలాడుచున్నాడు! సెమినరీలో ఈ అధ్యాయమును నేను పరీక్షకొరకు మాత్రమే చదివితిని. ఇప్పుడు నలువది యేండ్లు దాటిన తరువాత, ఎండకారు ఎండిపోవు ఊళ్లలో కాపరిగా తిరిగిన తరువాత, ఆ ప్రశ్న నన్ను విడువకున్నది. మనుష్యుడు త్రాగని నీరు, మనుష్యుడు కోయని కాయ, మనుష్యుని కన్ను పడని పురుగు, వీటిని దేవుడు ఏ లెక్కలో వ్రాసికొనును?

"వ్యర్థము" అను మాట సువార్తలోను వచ్చును. బేతనియలో ఒక స్త్రీ మిక్కిలి విలువగల అత్తరు బుడ్డి పగులగొట్టి ప్రభువు తలమీద పోసినప్పుడు, చుట్టునున్న కొందరు ఇది నష్టము కాదా అని సణిగిరి. మూడు వందల దేనారములకు అమ్మి బీదలకు ఇయ్యవచ్చును గదా అనిరి. వారిని మనము తేలికగా తీసివేయరాదు. మార్కు చెప్పిన ప్రకారము వారు దొంగలు కారు, బీదలను తలంచినవారే. మా పెద్ద ప్రార్థనయు అట్టిదే. ప్రభువు బీదలను త్రోసివేయలేదు. మీరు కోరినప్పుడెల్ల వారికి మేలు చేయవచ్చునని చెప్పెను. కాని "నష్టము" అని ఆ స్త్రీ పనికి వారు పెట్టిన పేరును మాత్రము ఆయన అంగీకరింపలేదు. ఇంతవరకు వచ్చి, మిగిలినది వచ్చే మాసమునకు విడిచిపెట్టుదునా అనుకొంటిని. కాని విడువ బుద్ధి పుట్టలేదు.

ఈ ప్రశ్నను మన యేటి గట్టున నిలిచి అడిగినయెడల మన అక్కర మన కన్నులకు అడ్డము వచ్చును. కాబట్టి మనకు లాభమును నష్టమును లేని దూరపు యేటి యొద్దకు మిమ్మును పిలుచుకొనిపోవుదును. నేను దానిని కన్నులార చూచినవాడను కాను; చదివి తెలిసికొన్నదే చెప్పుచున్నాను.

ఆఫ్రికా ఖండమునకు నైరుతి తీరమున నమీబియా అను దేశము కలదు. ఆ తీరమంతయు నమీబ్ ఎడారి. ఆ ఎడారిలో కూయిసెబ్ అను ఒక యేరు ఉన్నది. అది దేశము నడుమనున్న కోమాస్ మిట్టలలో పుట్టి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పడమరకు ప్రయాణము చేసి, వాల్విస్ బే అను రేవుపట్టణము దాపున సముద్రమును చేరవలెను. చేరవలెను అంటిని గాని చేరునని అనలేదు. సంవత్సరములో ఎక్కువ దినములు అది ఇసుక దారియే. ఎగువ మిట్టలమీద వానలు బాగుగా కురిసిన యేట కొన్ని దినములు పారును. పారుచు పారుచు ఇసుకలోనికి ఇంకిపోవును. నీరు సముద్రమువరకు వచ్చిన సందర్భములు అరుదు. 1934లో వచ్చినది, 1963లో వచ్చినది, అట్టి యేండ్లను అక్కడివారు మనము ఉప్పెన యేండ్లను జ్ఞాపకముంచుకొనునట్లు జ్ఞాపకముంచుకొందురు.

ఆ మొగవద్ద వానయే లేదు. మన ఒంగోలు ప్రాంతములో కరవు కరవు అని మొఱ్ఱపెట్టు మనకు సాధారణముగా సంవత్సరమునకు 800 మిల్లీమీటర్ల ప్రాంతమున వాన పడును. వాల్విస్ బేలో సంవత్సరమంతటికి 20 మిల్లీమీటర్లు కూడ పడదు. కారణమేమనగా, దక్షిణ ధ్రువపు వైపునుండి బెంగ్వేలా అను చల్లని ప్రవాహము ఆ తీరమును ఆనుకొని ఉత్తరమునకు సాగుచుండును. చల్లని నీటి మీది గాలి పైకి లేచి మేఘమై వర్షింపలేదు. పొగమంచుగా మారి నేలను ప్రాకుకొనుచు ఎడారిలోనికి వచ్చును. వానను అడ్డగించిన ఆ సముద్రమే మంచును పంపుచున్నది.

ఈ యేరు చేయు మొదటి పని ఏమో వినుడి. దానికి దక్షిణమున ఇసుక కొండల సముద్రము. ఉత్తరమున గులకరాళ్ల మైదానము. దక్షిణపు గాలి ఆ ఇసుకను ఎల్లప్పుడు ఉత్తరమునకు త్రోయుచుండును. యేటి గట్టువరకు వచ్చిన ఇసుక అక్కడ ఆగును. ఎప్పుడో ఒకప్పుడు వచ్చు వరద ఆ ఇసుకను కడిగి పారవేయును. కొన్ని దినములు మాత్రమే పారు యేరు, ఎన్నో యేండ్లు ఎడతెగక వీచు గాలిని నిలువరించుచున్నది! సముద్రపు అంచున మాత్రము వరద ఎప్పుడో గాని రాదు గనుక అక్కడ ఇసుక దాటిపోయినది.

ఇంకొక సంగతి. ఆ వరద వచ్చునప్పుడు దిగువనున్నవారి నెత్తిమీద మేఘము ఉండదు. ఆకాశము నిర్మలముగా, ఎండ చురుకుగా ఉండగా, ఎక్కడో రెండు మూడు వందల కిలోమీటర్ల ఎగువన కురిసిన వాన, నురుగును చెత్తను ముందు త్రోసికొనుచు పొడి ఇసుకమీద నడిచి వచ్చును. ఇది చదివినప్పుడు నాకు రెండవ రాజుల గ్రంథము 3వ అధ్యాయము తెరుచుకొన్నట్లాయెను. ముగ్గురు రాజులు ఏడు దినములు నడిచి నీళ్లులేక చావ సిద్ధమైరి. గాలియు కనబడదు, వానయు కనబడదు, అయినను ఈ లోయ నీటితో నిండునని ఎలీషా చెప్పెను. మరునాడు ఉదయ నైవేద్యపు వేళ ఎదోము వైపునుండి నీళ్లు వచ్చెను. చిన్నప్పుడు ఇది ఆకాశమునుండి ఊడిపడిన అద్భుతమని వింటిని. పొడి దేశపు యేరుల స్వభావమే అది అని ఇప్పుడు తెలిసినది. తెలిసినందువలన అద్భుతము తగ్గిపోయినదని నాకు తోచలేదు. ఎలీషా మాటలో మరియొకటి గమనించితిని: మీరు మాత్రమే కాదు, మీ మందలును మీ పశువులును త్రాగునని ఆయన ప్రత్యేకముగా చెప్పెను.

ఇక ఆ ఇసుకలో జీవించువాటి సంగతి. ముందుగా నారా. అక్కడివారు నాలుకను అంగిటికి తగిలించి "టక్" మను చప్పుడుతో కలిపి ఆ పేరు పలుకుదురు. మన నారతో దానికి సంబంధము లేదు. అది మన దోస, పుచ్చ, సొర కుటుంబములోనిది. యోనా తలమీద నీడపట్టిన సొరచెట్టుకు దూరపు చుట్టమనుకొనుడి. అయితే దానికి ఆకులు లేవు. చిక్కుపడిన పచ్చని కాడలు, వాటిమీద జంటజంటలుగా ముండ్లు. ఆకు చేయవలసిన పనిని ఆ కాడలును ముండ్లును చేయును. వేరు ఇసుకలోనికి ఎన్నో మీటర్లు, మన ఊరి దిగుడు బావి కంటె లోతుకు దిగి, యేటి అడుగున దాగియున్న నీటిని అందుకొనును. గాలికి ఎగురు ఇసుక పొదను కప్పివేయ చూచును, పొద దానిపైకి పెరుగును, మరల కప్పును, మరల పెరుగును. ఈ విధముగా ఒక్కొక్క పొద తానే ఒక దిబ్బయై కూర్చుండును. ఆ దిబ్బ నీడలో బల్లులు, ఎలుకలు, పెంకుపురుగులు కాపురముండును. నక్కలు పండు తిని గింజలను దూరముగా విడిచిపెట్టును.

పచ్చి నారాకాయ తిన్నవాని నోరు మండిపోవునట. గిల్గాలులో ప్రవక్తల శిష్యుని కుండలో పడిన అడవికాయల కథ (2 రాజులు 4:38-41) ఇటువంటిదే కాబోలు. పండిన తరువాత లోపలి గుజ్జు తియ్యనగును. దాని గింజలలో నూనె ఎక్కువ; బాదము పప్పువలె తినవచ్చును. ఆడ పొద వేరు, మగ పొద వేరు. మగ పొద కాయ కాయదు. మన రైతు చేనిలోనైతే, "గొడ్డుది" అని నరికి పొయ్యిలో పెట్టును. కాని సంవత్సరములో ఎక్కువ కాలము పూయుచుండునది ఆ మగ పొదయే. ఆహారము దొరకని దినములలో ఎన్నో పురుగులకు ఆ పూలే తిండి. ఆ పుప్పొడి లేనియెడల ఆడ పొదకు కాయయే లేదు. వ్యర్థమని మనము పేరుపెట్టినవాటి పట్టికలో దీనిని మొదట వ్రాసి కొట్టివేయవలెను.

యేటి వెంబడి చెట్లును గలవు. మన తుమ్మకు చుట్టములైన పెద్ద చెట్లు. వాటి కాయలు రాలినప్పుడు మేకలు పరుగెత్తుకొని వచ్చును. పండ్లు తోముకొను మిస్వాక్ పుల్లనిచ్చు చెట్టు ఒకటి. అబ్రాహాము బెయేర్షెబాలో నాటిన పిచుల వృక్షపు జాతి ఒకటి. అది ఉప్పు నీటిని పీల్చుకొని ఉప్పును ఆకులమీద కక్కివేయును. ఈ చెట్లన్నియు నేల క్రింది నీటిమీదనే బ్రతుకుచున్నవి. పైన ఇసుక చూచి యేరు చచ్చినదనుకొనువాడు పొరబడుచున్నాడు. చెలమ తీసి నీళ్లు తోడుకొన్న మన ఆడపడుచులకు ఈ మాట నేను నేర్పనక్కరలేదు. (మనలను పీడించు సర్కారు తుమ్మ జాతి అక్కడికిని చేరినది. దానిని గూర్చి మంచి మాట చెప్పుటకు నాకు ఇంకను కృప కలుగలేదు.)

యేటి ఒడ్డు విడిచి ఇసుక కొండలెక్కినయెడల అక్కడ వరదయు చేరదు. అక్కడ ఒక నల్లని పెంకుపురుగు కలదు. మంచు పట్టిన తెల్లవారుజామున అది కొండ శిఖరమునకు ఎక్కి, గాలికి ఎదురుగా, తల క్రిందికి వీపు పైకి ఎత్తి నిలుచును. మంచు దాని వీపుమీద చుక్కలై నోటివరకు జారును. అట్లు ఒక్క ఉదయమున తన బరువులో మూడవ వంతు వరకు నీళ్లు త్రాగగలదని 1976లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మోకరించి ప్రార్థించుచున్నట్లున్నదని కొందరు బోధకులు దానిని చెప్పుకొందురు. నేను అట్లు చెప్పను; అది దాహము తీర్చుకొనుచున్నది, అంతే. అదియే చాలినంత ఆశ్చర్యము. దానికి ఆహారమేమి? గాలి మోసికొనివచ్చిన ఎండు పోచలు, గింజల పొట్టు. మనము చీపురుతో ఊడ్చి పారవేయునది. ఒక బల్లి తన కనుగ్రుడ్లమీద పట్టిన మంచును నాలుకతో నాకికొనును. పింజరి జాతి చిన్న పాము తన వంటిమీది తేమను నాకికొనును. బంగారు మోల్ అను ఒక చిన్న జంతువు, చూపులేనిది, ఇసుకలో ఈదునట్లు తిరిగి చెదలను పట్టుకొని తినును. ఇవన్నియు ఎన్ని వేల యేండ్లనుండి బ్రతుకుచున్నవో! వీటి సంగతులను శ్రద్ధగా చూచుటకు 1962లో కూయిసెబ్ ఒడ్డున గోబాబెబ్ అను చోట ఒక పరిశోధన స్థానము ఏర్పడినది. అంతకు ముందు ఆ పురుగు తల వంచి నీళ్లు త్రాగుచున్నదని దేవుడు తప్ప ఎవరు వ్రాసి పెట్టిరి?

మొగ ప్రక్కన సముద్రపు నీరు నిలుచు పెద్ద మడుగు కలదు. పులికాటు సరస్సునకు వచ్చు పొడుగుకాళ్ల గులాబివన్నె ఫ్లెమింగోలు అక్కడ వేలకు వేలుగా బురదలో తలలు వంచి మేయును. సైబీరియా మంచు నేలలనుండి చిన్న ఉల్లంకులు అంతదూరము ఎగిరివచ్చి అక్కడ ఎండకాలము గడపును. 1995లో ఆ తడినేలను లోకమంతటికి ముఖ్యమైన వాటిలో ఒకటిగా పట్టికలో చేర్చిరి.

ఇంతవరకు చదివినవారు, సరే అయ్యగారూ, మనుష్యులులేని చోటున దేవుడు పురుగులను పక్షులను పోషించుచున్నాడు, యోబులో చెప్పినట్లే ఉన్నది అనవచ్చును. నేనును అట్లే అనుకొని ప్రసంగమును ముగింపబోతిని. అప్పుడు ఒక సంగతి నన్ను సిగ్గుపరచెను. అది మనుష్యులులేని చోటు కానే కాదు.

ఆ యేటి వెంబడి తోప్నార్ అను ప్రజలు తరతరములుగా ఉన్నారు. వారి బ్రతుకు మేకలమీదను, సముద్రపు చేపమీదను, నారామీదను నడిచినది. మండు వేసవిలో నారా పండినప్పుడు కుటుంబములు గాడిదలతో దిబ్బల నడుమకు పోయి, కాయలను కోసి, గుజ్జును పెద్ద పాత్రలలో ఉడికించి, గింజలు వేరుచేసి, గుజ్జును వెచ్చని ఇసుకమీద పోసి ఎండబెట్టి, మనము మామిడి తాండ్ర చేసినట్లు చుట్టి దాచుకొందురు. ఏ పొదలు ఏ కుటుంబమువో పూర్వము వారిలో కట్టుబాటు ఉండెడిది. 1840లలో జర్మనీ దేశపు రైనిష్ మిషను వారు ఆ యేటి ఒడ్డున, ఇప్పుడు రూయిబాంక్ అను చోట, ఒక స్థానమును స్థాపించి వారికి సువార్త ప్రకటించిరి. 1850లో గాల్టన్ అను ఆంగ్లేయ యాత్రికుడు ఆ మిషను ఇంట దిగిన కాలమున అక్కడ ఒక సింహమును కాల్చి చంపిరి. సింహము తిరిగినదనగా అప్పటి యేటి పొదలలో దానికి తగినంత వేట యుండెనన్న మాట.

అయినను పెద్ద రాజ్యములు ఆ తీరమును పటములో చూచినప్పుడు అది ఖాళీగా కనబడెను. 1878లో బ్రిటిషువారు వాల్విస్ బేను తమదని చాటిరి. తరువాత మిగిలిన దేశము జర్మనులకు, పిమ్మట దక్షిణాఫ్రికాకు చిక్కెను. 1990లో నమీబియా స్వతంత్రమైనను ఆ రేవు 1994లో గాని తిరిగి చేతికి రాలేదు. చేతులు మారిన ప్రతిసారి ఎవడైనను ఆ నారా పొదల వారిని అడిగెనా? "ఎవరును లేరు" అనునది దేవుడు చెప్పినప్పుడు ఒక అర్థము, తీసికొనబోవువాడు చెప్పినప్పుడు మరియొక అర్థము. దేవుడు "అక్కడ నరుడు లేడు, అయినను నేను వాన పంపుచున్నాను" అనుచున్నాడు. మనుష్యుడు "అక్కడ నరుడు లేడు, కాబట్టి నేను తీసికొందును" అనుచున్నాడు.

తీసికొనుట జరిగినది కూడ. 1920ల నుండి పట్టణమునకు త్రాగు నీళ్లు యేటి అడుగుననుండి తోడుచు వచ్చిరి. ఎగువ మిట్టలలో పశువులు కాచుకొను భూస్వాములు తమ తమ పొలములలో చిన్న చిన్న కట్టలు కట్టుకొనిరి. పట్టణమును వరదనుండి కాపాడుటకై 1960ల ఆరంభములో ఏటి ఉత్తరపు పాయకు అడ్డకట్ట వేసిరి. కట్ట తన పని చేసెను. ఆ పాయ వెంబడి ఇసుకక్రింది నీరు దిగిపోయి, అక్కడి నారా పొదలు కాలక్రమమున ఎండి మోడులైనవి. కోతకు పోవు కుటుంబములును తగ్గినవి.

ఇందులో దుర్మార్గుడెవడని నేను వెదకి చూచితిని. దొరకలేదు. పట్టణములో బిందె నింపుకొను తల్లి దొంగ కాదు. ఎగువ రైతు తన ఆవు కొరకు కట్ట కట్టుకొనెను. వరద తమ ఇండ్లలోనికి రాకూడదని కోరుకొనుట పాపమా? ఒక్కొక్కరు తమ కన్నులకు కనబడినంతవరకు న్యాయముగానే ప్రవర్తించిరి. ఎండిపోయిన పొద వారి కన్నులకు కనబడునంత దగ్గర లేదు. నాకు భయము పుట్టించునది ఇదే. ఎలీషా దినమున నీళ్లు ఎదోమునుండి వచ్చెనని చదివితిమి. ఎదోము కొండలలో ఎవడైనను ఆ వాగుకు కట్ట కట్టియుండినయెడల, దిగువ లోయలో దప్పితో పడియున్నవారి సంగతి వానికి ఎవరు చెప్పుదురు?

ఆ అధ్యాయము ముగింపు నాకు మింగుడుపడదని ఒప్పుకొనుచున్నాను. పశువులతో సహా నీళ్లు త్రాగిన ఆ సేనయే మోయాబులోనికి పోయి నీటి ఊటలన్నిటిని పూడ్చి, మంచి చెట్లన్నిటిని నరికెను. ద్వితీయోపదేశకాండము 20:19లో, పట్టణమును ముట్టడించునప్పుడు సహితము ఫలవృక్షములమీద గొడ్డలి వేయవద్దని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఈ రెండింటిని ఎట్లు కలుపవలెనో పెద్ద వ్యాఖ్యానములు ఏమేమో చెప్పును. నేను మోషే ప్రక్కన నిలుచుచున్నాను.

ఇంత ఆలోచించిన తరువాత మా పెద్ద ఇంటికి పోతిని. ఈ సంగతులన్నియు చెప్పితిని. ఆయన చుట్ట ప్రక్కన పెట్టి ఓపికగా వినెను. తరువాత, "అయ్యగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. ఈ మాట దొడ్లో దూడకి చెప్పండి. నీళ్లు పురుక్కి కావాలంట, నువ్వు ఆగు అని" అనెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన మాట నిజమే. నిండు కడుపుతో చదువుకొని వచ్చి దప్పిగొన్నవానికి ఓర్పు బోధించుట సులువు. బిడ్డకును దూడకును ముందు నీళ్లు ఇయ్యవలెను. ఇందులో నాకు సందేహము లేదు.

"తీసికోవద్దని నేను అనలేదు పెద్దయ్యా, వ్యర్థమని అనవద్దన్నాను" అని చెప్పితిని. నిర్గమకాండము 23:11 తీసి చూపితిని. ఏడవ యేట భూమిని బీడు విడువవలెను. దానిలో పండినది బీదలు తినవలెను. బీదలు విడిచినది అడవి మృగములు తినవలెను. ఆ చేను గలవాడు ఆ యేడు తన పంట వ్యర్థమైనదని ఎంచినయెడల ఆశ్చర్యమేమి? దేవుడు మాత్రము ఆ పంటకు భోజనపంక్తి వరుస కూడ నిర్ణయించెను. ఆ వరుసలో చివర మృగములు ఉన్నవి. చివర ఉన్నవి గాని, లేకపోలేదు. ఆరు సంవత్సరములు యజమానుడే తినెను గదా.

ఇంకొకటి కూడ చెప్పితిని, చెప్పుటకు కొంత జంకుతూ. గుండ్లకమ్మ, మన్నేరు వంటి మన ప్రాంతపు యేరులును వేసవిలో ఇసుక దారులే. మొగలవద్ద సముద్రము ఇసుక మేటవేసి మూసివేయును. వానకారు నీరు వచ్చి ఆ మేటను తెంచినప్పుడే రొయ్యపిల్లలును చేపపిల్లలును లోపలికి వచ్చి ఆ ఉప్పు కలిసిన మంచినీటిలో పెరుగును. మొగవద్ద పల్లెలో వలలు వేయువారెవరు? మన సంఘస్థులే. వారి పిల్లలకు నేనే బాప్తిస్మమిచ్చితిని. కోత పండుగకు ఆ పల్లెనుండి ఇద్దరు సహోదరులు బుట్టెడు ఎండు చేపలు కానుకగా తెచ్చి వెనుక వరుసలో కూర్చుండిరి. నీళ్లు సముద్రములో వ్యర్థముగా పోవుచున్నవని మనము ప్రార్థించినప్పుడు వారును ఆమేన్ అనిరో లేదో నేను గమనింపలేదు. గమనింపవలసినవాడను నేను.

పెద్దయ్య చాలసేపు మాటలాడలేదు. ఆయన ముఖము చూచి, నొచ్చుకొనెనేమో అనుకొంటిని. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చెను, త్రాగితిని. పిమ్మట ఆయన, "ఆ కాయ పేరేమన్నారు?" అని అడిగెను. చెప్పితిని, నాలుక చప్పుడు నాకు సరిగా రాలేదు, ఆమె నవ్వెను. "ఆకే లేదా దానికి?" "లేదు." "నీళ్లు పెట్టనక్కర్లేదా?" "పెట్టేవారు లేరు." ఆయన ప్రతి వేసవిలో యేటి ఇసుకలో గుంతలు తీసి పుచ్చపాదులు పెట్టు మనుష్యుడు. చుట్ట మరల వెలిగించుకొని, "ఆ గింజలు నాలుగు ఎక్కడైనా దొరుకుతాయేమో కనుక్కోండి అయ్యగారూ" అనెను.